పందిరి వెనక విస్తరి

మట్టెవాడలో పెళ్ళి మాట కుదిరితే ముహూర్తానికి పంతులు దగ్గరికి పోయేముందు అనసూర్య గడప తొక్కే కాలం ఒకటుండేది. అది తెలియక ముందు పంతులు దగ్గరికి ఉరికినవాళ్ళు ఆ తర్వాత తలలు పట్టుకున్నారు. పంతులు మంచి రోజే పెట్టేవాడు, కాదనలేం. కానీ ఆ రోజుకు వంట మొగిలయ్య ఇంకెవరికో మాటిచ్చి ఉండేవాడు, సామియానాలు ఇంకెక్కడో దిగి ఉండేవి. గ్రహాల సంగతి పంతులు చూసుకుంటే మనుషుల సంగతి అనసూర్య చూసుకునేది. వాడ వాడంతా ఆమెను పెండ్లి అనసూర్య అనే పిలిచింది. ఆ పేరంటే ఆమెకు మొదట్లో సిగ్గు, తర్వాత కొంత సంతోషం, చివరికి వచ్చేసరికి భయం ఉండేవి.

పెళ్ళిళ్ళు చేయించి బతుకుదామని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పద్మశాలీల ఇంట్లో పుట్టి పద్మశాలీల ఇంటికే కోడలై వచ్చింది. భర్త ఎల్లస్వామి మగ్గం మీద కూర్చుంటే ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. అత్త పోశవ్వ కళ్ళు మసకబారినా దారం తెగితే చేత్తో తడిమి అతికేది. ముగ్గురి చేతులూ ఆడితే ముగ్గురి నోళ్ళూ ఆడేవి. అంతలో పవర్లూములు దిగి చేతిమగ్గం నోట్లో మట్టి కొట్టాయి. నేసిన చీరెను సేటు ముట్టుకుని చూసి పక్కన పెట్టే రోజులొచ్చాయి. వాడలో మగవాళ్ళు ఒక్కొక్కరే బొంబాయి దగ్గరి భీవండి మిల్లులకు బండెక్కారు. డెబ్బై నాలుగులో దసరా వెళ్ళినంక ఎల్లస్వామి కూడా ఎక్కాడు. స్టేషన్లో "అమ్మ పైలం. నేను వస్త," అన్నాడు.

మొదట్లో మనియార్డరు వచ్చేది. ఒక బతుకమ్మ పండుగకు మనిషి కూడా వచ్చి పోయాడు. చిక్కిపోయి ఉన్నాడు, దగ్గుతున్నాడు, అడిగితే దూది పొట్టు అన్నాడు. ఆ తర్వాత మనియార్డరూ లేదు, మనిషీ లేడు. భీవండి పోయివచ్చినవాళ్ళను అడిగితే, అదేమన్న మన మట్టెవాడనా, ఒక మిల్లుల పనిచేసేటోడు ఇంకో మిల్లోనికి ఎరుకుండడు అన్నారు. అనసూర్య రోజూ స్నానం చేసి ఇంత బొట్టు పెట్టుకుని పక్కవాళ్ళ మగ్గానికి కండెలు చుట్టడానికి పోయేది. పోశవ్వ మాత్రం గంజి ముందు కూర్చున్నప్పుడల్లా, వాడు ఏడ తింటున్నడో ఏం తింటున్నడో అనేది. అది అననిదే ఆ ముసలామె నోట్లో ముద్ద పెట్టేది కాదు.

అట్లాంటి రోజుల్లో పక్కింటి మల్లక్క పెద్దబిడ్డ సరస్వతి పెళ్ళి వచ్చింది. మల్లక్క వాళ్ళది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. మగడు వెంకటయ్యకు మిల్లులో పని దొరికితే వరంగల్ వచ్చి స్థిరపడ్డారు. అన్నీ సమకూర్చుకున్నామనే అనుకున్నారు. తీరా పెళ్ళినాడు పొద్దున చూస్తే ఐరేండ్లు లేవు. ఐరేండ్లంటే సున్నం, ఎర్ర జాజు పూసి కుమ్మరి స్వయంగా తెచ్చే పెళ్ళికుండలు. అవి లేనిదే పందిట్లో పని ముందుకు సాగదు. పల్లెలో అయితే లగ్గం పెట్టుకున్నారని చెవిన పడగానే కుమ్మరి ఇంట్లో సారె తిరిగేది. ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ అలవాటు మీద మల్లక్క, కుండలు వాటంతటవే వస్తాయని కూర్చుంది. వరంగల్లో కుమ్మరికి వీళ్ళెవరో ఏమెరుక? వెంకటయ్య బజారుకు పోయి కొనుక్కొస్తానంటే పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కస్సుమన్నారు. బజారులో కొన్నది కుండ అవుతుంది గానీ ఐరేని అవుతుందా?

అనసూర్య పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు పెట్టుకుని కుమ్మరి పెద్దులు ఇంటికి పోయింది. పెద్దులు ముఖం కూడా తిప్పలేదు. పెండ్లికి కుండ గావాలె గని కుమ్మరోడు అక్కరలేదా అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఆమె ఆయన సారెకు బొట్టు పెట్టి, ఆయన భార్యకు బొట్టు పెట్టి, నేల మీద కూర్చుంది. ఊరు ఇడిసి వచ్చినోళ్ళం తాతా, ఎవలను పిలువాలెనో చెప్పేటోళ్ళు లేక తప్పయింది, పిల్ల పీట మీద కూసుండి ఎదురు చూస్తాంది అంది. పెద్దులు కాసేపు బిగదీసుకుని, ఇంకో ఇంటికని పూసి పెట్టిన ఐరేండ్లను భార్య నెత్తి మీదికెత్తాడు. డప్పు లేకుండా రానంటే అనసూర్యే డప్పువాళ్ళను పిలుచుకొచ్చింది. ముహూర్తం తప్పలేదు.

ఆనాడు ఆమెకు ఒక సంగతి అర్థమైంది. పల్లెలో పెళ్ళిని ఊరే చేస్తుంది. చాకలి, మంగలి, కుమ్మరి, డప్పు, ఎవరి పని వాళ్ళకు తాతల నాటి నుంచి తెలుసు. ఊరు విడిచి పట్నానికి వచ్చినవాళ్ళకు ఆ ఊరు వెంట రాదు కదా. ఎవరి ఇంటికి ముందు పోవాలి, ఎవరికి బొట్టు పెట్టి పిలవాలి, ఎవరిని ఊరికే పిలిస్తే చాలు, ఈ ఎరుక గల మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని నేనెందుకు కాకూడదు అనుకుంది.

అట్లా మొదలైంది. మొదట ఇరుగుపొరుగు, తర్వాత కొత్తవాడ, ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళు. పెళ్ళి మొత్తం గుత్తకు మాట్లాడుకునేది. పందిరి గుంజ పాతిన నాటి నుంచి అప్పగింతల దాకా బాధ్యత ఆమెదే. వంట మొగిలయ్యకు ఆమె మాటంటే మాట. బ్యాండు మేళం వాళ్ళు పెళ్ళివాళ్ళ మీద అలిగినా ఆమె పిలిస్తే వచ్చేవాళ్ళు. పెళ్ళిలో అలకలు ఎన్ని రకాలుంటాయో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వియ్యపురాలి అలక ఒక తీరు, మేనమామ అలక ఒక తీరు. వియ్యపురాలిని బతిమాలాలి, మేనమామను మాత్రం బతిమాలకూడదు, పని చెప్పాలి. పని చెప్తే చాలు, అలక మరిచి పందిట్లో పెద్దరికం చేస్తూ తిరుగుతాడు.

అన్నిటి కంటే ఆమె చేతికి పేరొచ్చింది. పెళ్ళికూతురికి మొదటి నలుగు, పుస్తెలకు పసుపు, తలంబ్రాలు కలపడం, ఇవన్నీ ముత్తైదువ చేతుల మీద జరగాలి. మగడు దగ్గరుండాలని లేదు, ఎక్కడో ఒకచోట బతికి ఉంటే చాలు. ఎల్లస్వామి భీవండిలో ఉన్నాడు, కాబట్టి అనసూర్య ముత్తైదువ. ఆమె నలుగు పెట్టిన సరస్వతికి ఏడు తిరక్కముందే కొడుకు పుట్టేసరికి, ఆమె చెయ్యి చల్లని చెయ్యి అన్నారు. మా పిల్లకు నీ చెయ్యే పడాలె అని తల్లులు వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ చెయ్యి చూసుకుని ఆమె మురిసిపోయేది కూడా. మగని జాడ లేని ఆడదాన్ని మంగళానికి ముందు నిలబెట్టడం అంటే మాటలా?

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో కేసముద్రం పెళ్ళి వచ్చింది. మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఉన్న గట్టయ్య బిడ్డ పెళ్ళి. పొద్దున బండికి దిగిన చుట్టాలకు అనసూర్య పందిట్లో చాయ ఇప్పిస్తోంది. గట్టయ్యకు మేనల్లుడి వరుసట, గుండయ్య అని ఒకతను భీవండి నుంచి వచ్చాడు. భీవండి పేరు చెవిన పడగానే ఆమె గ్లాసు తనే తీసుకుపోయి ఇచ్చింది. అడుగుదామనుకుంది. అడిగే లోపల అతనే అడిగాడు, నీది ఏ ఊరు అక్కా అని. మట్టెవాడ అంది.

"మట్టెవాడోడు ఒగలు మా కార్ఖాన్ల ఉండె," అన్నాడు గుండయ్య చాయ ఊదుకుంటూ. "ఎల్లస్వామి అని. పాపం, పోయిన వానకాలం పోయిండు."

ఎక్కడికి పోయిండు అని ఆమె అడిగిందట. అంత పిచ్చి ప్రశ్న అడిగానని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. గుండయ్య చెప్పాడు. ఛాతీ రోగమట. మిల్లులో నిలబడలేక మానేసి, ఉత్త చేతులతోటి ఇంటికి ఎట్ల పోదునని అక్కడే ఉండిపోయాడట. దవాఖానలో చేర్పించారు గానీ అప్పటికే చెయ్యి దాటింది. నలుగురం కలిసి కాలవెట్టినం అక్కా, ఇల్లు ఏడనో తెల్వకపాయె, దినాలెవరు చేస్తరు, వాగుల కలిపి వచ్చినం అన్నాడు. అతనికి ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. చాయ బాగుందని గ్లాసు తిరిగి ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే గట్టయ్య భార్య పుస్తెల పళ్ళెం పట్టుకొచ్చింది, పసుపు రాయమని. అనసూర్య పళ్ళెం వైపు చూసింది. చేతులు వెనక్కి పోయాయి. ఇక్కడ కూలబడి ఏడిస్తే ఏమవుతుంది? పందిట్లో చావు కబురు. ఆ పిల్ల పీట మీది నుంచి లేవక ముందే జన్మంతా పడాల్సిన మాటలన్నీ పడుతుంది. "నా చేతులు ఎంగిలున్నయమ్మా. మీ తోడికోడలుతోటి రాపియ్యండ్రి," అంది. అదే మొదటి అబద్ధం. ఆ తర్వాత బ్యాండు వాళ్ళకు సైగ చేసింది, తలంబ్రాలు ఎవరు కలపాలో చెప్పింది, బంతికి ఎంతమంది కూర్చోవాలో చెప్పింది. పెళ్ళి ఏ లోటూ లేకుండా జరిగిపోయింది.

చివరి బంతి లేచాక విస్తరి ఒకటి తీసుకుని అన్నీ వడ్డించింది. బగారన్నం, గారెలు, లడ్డు. పందిరి వెనక్కి పోయి గోడ వారగా నేల మీద పెట్టింది. అంతకు మించి ఏం చేయాలో ఆమెకు తోచలేదు. నిలబడి చూద్దామనుకునే లోపల పెరుగు ఏడ పెట్టినవు అక్కా అని ఎవరో పిలిస్తే పోయింది.

బండిలో కూర్చుని, ఇంటికి పోగానే అత్తకు చెప్పాలనుకుంది. ఇంటికి పోయేసరికి పోశవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. పెండ్లి మంచిగైందా, అన్నం కమ్మగున్నదా, వాడు ఏడ తింటున్నడో అంది. ఆ మాట విన్న తర్వాత నోరు ఎట్లా వస్తుంది? రేపు చెప్తాననుకుంది. రేపు ఇంకో పెళ్ళి. చెప్తే ఆ పెళ్ళి పోతుంది, ఆ తర్వాతివన్నీ పోతాయి, ఇద్దరి నోళ్ళూ ఎండుతాయి. దానికి తోడు ఈ ముసలిప్రాణం నిలుస్తుందో నిలవదో. చావును దాచడం ఎంత సులువో ఆమెకు అప్పుడే తెలిసింది. ఒక్కనాడు దాస్తే చాలు, రెండోనాడు అదే దాక్కుంటుంది.

దాచింది గానీ, మోసం చేయలేదు. ఇది అర్థం చేసుకోవాలి. ఆమె కూడా ఈ నేల మీద పుట్టిన మనిషే. ముండమోసిన చెయ్యి మంగళానికి పనికిరాదని చిన్ననాటి నుంచి విన్నది, నమ్మింది. ఆనాటి నుంచి ఒక్క పెళ్ళికూతురికి నలుగు పెట్టలేదు, ఒక్క పుస్తెను ముట్టలేదు. నడుం నొస్తాందని ఒకచోట, చేతులు మసి ఉన్నాయని ఇంకోచోట, నువ్వు చెయ్యి వదినె, నేను చూస్తానని మరోచోట. పందిరికి ఈ చివర నిలబడి వేలితో చూపించేది. నువ్వు ఇటు, నువ్వు అటు, ఆ బిందె ఇక్కడ, ఈ పీట అక్కడ. జనం ఏమనుకున్నారు? అనసూర్య పెద్దదైందనుకున్నారు. ఇదివరకు చెయ్యి పెట్టేది, ఇప్పుడు వేలు చూపుతుంది, మేస్త్రీ అయిందమ్మా అని నవ్వుకున్నారు. నవ్వుతూనే ఇంకా ఎక్కువ పిలిచారు. ముట్టకుండా పని చేయించేవాళ్ళంటే లోకానికి గౌరవం ఎక్కువ మరి. ఆమె పేరు హనుమకొండ దాటి, కాజీపేట దాటి పోయింది. మగడు పోయాకే ఆమె అసలైన పెళ్ళిళ్ళ గుత్తేదారు అయింది. ఆ పెరిగిన పేరు ఆమెకు ముల్లులా ఉండేది.

పొద్దున్నే బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దం చూడటం మానేసింది. అలవాటైన చెయ్యి అలవాటైన చోటికే పోయేది. ప్రతి పెళ్ళిలో చివరి బంతి లేవగానే పందిరి వెనక ఒక విస్తరి పెట్టేది. వంట మొగిలయ్య ఒకసారి చూసి, ఎవరికక్కా అది, కుక్కలకా అని అడిగాడు. రావలసినోళ్ళు ఉన్నరు అంది. మొగిలయ్య మళ్ళీ అడగలేదు. విస్తరి పెట్టడమే గానీ దాని దగ్గర నిలబడింది ఒక్కసారి కూడా లేదు. పెళ్ళిలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

పెద్దల అమావాస్య పెత్రమాస వచ్చినప్పుడు పోశవ్వ చనిపోయిన తన మగని పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యగారికి ఇచ్చేది. అనసూర్య పక్కన నిలబడి చాట పట్టుకునేది. ఇంకో పేరు నాలుక చివరి దాకా వచ్చి లోపలికి పోయేది. ఏటికేడు అంతే.

ఎనభై నాలుగులో మల్లక్క చిన్నబిడ్డ పూలమ్మ పెళ్ళి కుదిరింది. పూలమ్మ అనసూర్య చేతుల్లో పెరిగిన పిల్ల. జడ వేసింది అనసూర్య, బడికి దింపింది అనసూర్య, కన్నది మాత్రమే మల్లక్క. ఆ పెళ్ళికి గుత్త ఏముంటుంది? తన బిడ్డ పెళ్ళి అనుకుని అన్నీ సమకూర్చింది. పెద్దులు తాత పోయినా ఆయన కొడుకు ఇంటికి పోయి బొట్టు పెట్టి ముందే ఐరేండ్లు చెప్పింది. లోపల మాత్రం ఒక్కటే గుబులు. నలుగు నాడు ఏం చెప్పి తప్పించుకోవాలి?

నలుగు నాడు పూలమ్మ పీట మీద కూర్చుంది. ముత్తైదువలు చుట్టూ చేరారు. మల్లక్క పసుపు గిన్నె తెచ్చి అనసూర్య చేతికి అందించబోయింది. నడుం పట్టేసింది మల్లక్కా, యాకమ్మ వదినెతోటి పెట్టియ్యి, నేను చూస్త అంది. మల్లక్క గిన్నె దించలేదు. అక్కకు పెట్టిన చెయ్యి చెల్లెకు పెట్టదా అంది. ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది. గుత్త మనిషి కదా, పైసలు ముట్టని చోట చెయ్యి ఎందుకు ముట్టిస్తుందని ఒకామె అననే అంది. మల్లక్క ముఖం నల్లబడింది. "నలుగురిల నా పిల్లను తక్కువ చేసినవు చెల్లే," అంది మెల్లగా. పీట మీద పూలమ్మ కళ్ళనిండా నీళ్ళు.

ఊరంతా ఏమన్నా పడేది అనసూర్య. పూలమ్మను తక్కువ చేసిందన్న మాట పడలేకపోయింది. మల్లక్క చెయ్యి పట్టుకుని బియ్యం బస్తాలున్న లోపలి అర్రలోకి తీసుకుపోయింది.

"మల్లక్కా, ఆయన లేడు."

మల్లక్కకు మొదట అర్థం కాలేదు. ఎవరు, ఎక్కడ లేడు అంది. కేసముద్రం, గుండయ్య, చాయ, అంతా చెప్పింది అనసూర్య. గొంతు కూడా పెంచలేదు, వంట సామాను చెప్పినట్టు వరసగా చెప్పింది. మల్లక్క బస్తా మీద కూలబడిపోయింది. ఇన్నేండ్లు అంది. పక్కపక్క ఇండ్లు, ఒక్క గోడ, ఇన్నేండ్లు నాకు చెప్పలేదానే అని కొంగు నోట్లో కుక్కుకుంది.

తల తిప్పితే గడపలో పూలమ్మ. పీట మీది నుంచి లేచి వచ్చేసింది. అంతా విన్నది.

"చిన్నమ్మా, నీ చేతితోటే పెట్టు. నాకేం కాదు," అని తల వంచింది.

అనసూర్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఆ నుదురు ఆమెకు జానెడు దూరంలో ఉంది. ఎన్నిసార్లు జ్వరం చూసిన నుదురు. ముట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది.

"నువ్వు మంచిదానివి బిడ్డా. నాకే నమ్మకం లేదు. నువ్వు చల్లగుండాలె," అంది.

మల్లక్క లేచి కళ్ళు తుడుచుకుని పసుపు గిన్నె తీసుకుంది. బయటికి అడుగు పెట్టబోయి ఆగి, పెండ్లయ్యే దాంక ఎవ్వరికి చెప్పకు చెల్లే అంది, తల దించుకుని. అనసూర్యకు కోపం రాలేదు. తను ఇన్నేళ్ళు చేసిందీ అదే కదా. ఆడపిల్ల తల్లి ఇంకేం చేస్తుంది. బయటికి పోయి మల్లక్క నలుగురికీ వినపడేట్టు, పాపం దానికి నడుం పట్టుకపోయిందమ్మా, యాకమ్మా నువ్వు పెట్టు అంది.

పెళ్ళి జరిగింది. అనసూర్య చేయించిన పెళ్ళిళ్ళలో అంత బాగా జరిగిన పెళ్ళి ఇంకోటి లేదని మొగిలయ్య ఇప్పటికీ అంటాడు. పుస్తె కట్టే వేళ ఆమె పొయ్యిల దగ్గర ఉండి గంటెలు లెక్కపెట్టింది. చివరి బంతి లేచాక విస్తరి పెట్టింది. బ్యాండు వాళ్ళు పిలిచారు. పోయింది.

అప్పగింతలయ్యి కారు కదిలాక, పొద్దు వాలుతుండగా మల్లక్క వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. పా, నేను తోడొస్త అంది. ఇద్దరూ గోడ అవతలి ఇంటికి పోయారు. పోశవ్వ అరుగు మీదే ఉంది. పూలమ్మ ఏడ్చిందా, అన్నం కమ్మగున్నదా అని అడిగి, వాడు ఏడ తింటున్నడో అంది ఎప్పటిలాగే. అనసూర్య ఆమె పాదాల దగ్గర కూర్చుని చెప్పింది.

పోశవ్వ అరవలేదు, గుండెలు బాదుకోలేదు. నీకు ఎప్పుడెరుకైంది అని అడిగింది. కేసముద్రం పెండ్లి నాడు అత్తా అంది అనసూర్య. కేసముద్రం పెళ్ళి ఎప్పుడో ముసలామెకు గుర్తుంది. ఆనాటి లడ్డు కమ్మగా ఉందని తానే అన్నది. ఎన్ని పెత్రమాసలు వెళ్ళాయో వేళ్ళు మడిచి చూసుకుంది. మడుస్తూ మడుస్తూ ఆగిపోయింది.

"ఊరందరికి బంతులు పెట్టించినవు గద బిడ్డా. నా కొడుకును ఉపాసముంచినవా?"

తిట్టినా బాగుండేది. ఆమె అంత నెమ్మదిగా అడిగింది. అనసూర్య రెండు చేతులా ఆమె కాళ్ళు పట్టుకుంది. లేదత్తా, పెట్టిన, ప్రతి పెండ్లిల పందిరెనుక విస్తరి పెట్టిన, ఒక్క పెండ్లి తప్పలేదు అంది.

"కాకి ముట్టిందా?"

ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని విస్తర్లు. పెరుగు ఏదక్కా, దీపపు కుందులు ఏవక్కా, వియ్యపురాలు అలిగిందక్కా. ప్రతిసారీ ఎవరో పిలిచారు, ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడకుండా ఆమె పోయింది.

"చూడలేదత్తా. పిలిస్తే పోయిన," అంది.

అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది. మల్లక్క పట్టుకోలేకపోయింది. గోడ అవతల పెళ్ళింటి చుట్టాలకు వినపడుతుందేమో అని కూడా చూడలేదు. పోశవ్వ వంగి తడుముకుంటూ కోడలి నుదురు మీద చెయ్యి వేసింది, బొట్టును బొటనవేలితో తనే తుడిచింది, ఆ తర్వాత ఆ తల ఒళ్ళోకి లాక్కుంది. లడ్డు వానికి ఎన్నడిష్టముండె బిడ్డా, అన్నంల పచ్చిపులుసు పోసుకుని తినేటోడు గద అంది.

ఆ తర్వాత అనసూర్య పెళ్ళిళ్ళు చేయించిందా అంటే, చేయించింది, ఇంట్లో కూర్చుని. ఎవరి ఇంటికి ముందు పోవాలో, ఎవరిని ఎట్లా పిలవాలో అడగడానికి వచ్చేవాళ్ళు. పందిట్లోకి రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు, ఆమె కూడా పోలేదు. అంత పేరున్న మనిషి కదా, ఒక్కరైనా పిలిచి ఉండాల్సింది అని ఇప్పుడు మనకు కోపం వస్తుంది. ఆమెకు రాలేదు. అదంతా తర్వాతి మాట.

మర్నాడు పొద్దున గాజులు తీసి, తలస్నానం చేసి, తడి చీరెతోనే పొయ్యి ముట్టించింది. అన్నం వండి, చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి పచ్చిపులుసు చేసింది. విస్తరిలో అన్నం పెట్టి, గుంట చేసి పులుసు పోసి, పెరటి గోడ మీద పెట్టింది. అత్తను చెయ్యి పట్టి తెచ్చి పీట మీద కూర్చోబెట్టి, తను పక్కన నేల మీద కూర్చుంది. మల్లక్క కొంచెం దూరంలో నిలబడింది.

కొంచెం పొద్దెక్కాక ముందు తలుపు దగ్గర ఎవరో పిలిచారు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చారు, బిడ్డ పెళ్ళట, పెండ్లి అనసూర్య ఇల్లు ఇదేనా అని అడుగుతున్నారు. జవాబు లేకపోయేసరికి ఇంకొంచెం గట్టిగా పిలిచారు. అక్కా, తొందరున్నది, బండి దొరకదు అన్నారు. మల్లక్క వాళ్ళను పంపించడానికి లోపలి నుంచి ముందుకు పోయింది. అనసూర్య తల తిప్పలేదు. పక్కింటి పెంకుల మీద ఒక కాకి వాలింది, మెడ వంచి ఇటు చూసింది, అక్కడే కూర్చుంది.

"వచ్చిందా బిడ్డా?" అని అడిగింది పోశవ్వ.

"రాలేదత్తా. నేను ఈడనే ఉన్న."